కొట్టని గంట

పోయిన వారం పిడుగుని ఎక్కడ వదిలేశామో గుర్తుంది కదా? రేడియో కేంద్రం రెండో అంతస్తులో, మూడో నంబరు స్టూడియో బయట, గోడకి ఆనించిన పొడవాటి బల్ల మీద. ఒళ్ళో నల్ల పెట్టె. పెట్టె మూత తెరిచి ఉంది, పిడుగు నోరూ తెరుచుకునే ఉంది. పెట్టెలో పడుకుని ఉన్నది తన స్టీల్ గిటార్ కాదు, అత్తయ్యది.

రెండు పెట్టెలూ తన చేత్తో చేసినవే. ఒకే చెక్క, ఒకే నల్ల రంగు, ఒకే కొలత. “కవల పిల్లల్లా ఉన్నాయే!” అని దుకాణానికొచ్చిన వాళ్ళంతా మెచ్చుకుంటుంటే తెగ పొంగిపోయింది. కవలల్ని విడివిడిగా గుర్తుపట్టాలంటే ఏదో ఒక ఆనవాలు ఉండాలి కాబట్టి తన పెట్టె పిడికి ఎర్ర దారం కట్టుకుంది. ఈ ఉదయం ఆ దారం చూసే పెట్టె ఎత్తుకొచ్చింది. దారం పిడికే ఉంది, లోపలి సరుకే మారింది. నిన్న సాయంత్రం రెండు పెట్టెలూ తుడిచేటప్పుడు దారం ఊడితే మళ్ళీ కట్టి ఉంటాను, ఏ పెట్టెకి కడుతున్నానో చూసుకుని ఉండను అనుకుని తనని తాను తిట్టుకుంది. తిట్టడంలో పిడుగు ఎవరికీ తక్కువ చెయ్యదు, ఆ తిట్లు తినేది తనైనా సరే.

ఈ వారమే కథలో అడుగుపెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పుకుని లోపలికి పోదాం. పిడుగంటే చిన్నపిల్ల అనుకునేరు, ముప్ఫై నిండాయి. చిన్నప్పుడు ఇంట్లో మోగేదాన్నల్లా మోగించి, మోగనిదాన్ని విరగ్గొట్టి సంపాదించుకున్న పేరది. ఇప్పుడు తండ్రి నడిపే వాద్యాల మరమ్మతు దుకాణంలో, విరగ్గొట్టినంత శ్రద్ధగానూ అతికిస్తోంది. తండ్రికి ఇద్దరు కూతుళ్ళని చెప్పుకుంటారు ఆ వీధిలో, ఒకటి పిడుగు, రెండోది ఆయన వేసే తీగ ముడి. ఆ ముడి వేశాడంటే తీగ తెగాలి గాని ముడి ఊడదు.

అత్తయ్య ఆయన చెల్లెలు. ఆ ఇంటి మేడ మీద గదిలో ఉంటుంది. ముప్ఫై ఒక్కేళ్ళ కిందట ఇదే రేడియో కేంద్రంలో ఆర్నెల్లు వాయించి, “నీ వాద్యం నిండా క్లబ్ వాసన” అన్న మాట పడి బయటికొచ్చేసిన మనిషి. ఆ మాటన్నది పెద్ద మాస్టారు. అప్పట్నుంచీ ఇప్పటిదాకా ఆర్కెస్ట్రాలో స్టీల్ గిటార్ కుర్చీ ఆయనదే. ఈ నెలాఖరుకి ఆయన పదవీ విరమణ. ఖాళీ అవుతున్న ఆ ఒక్క కుర్చీ కోసమే ఇవాళ్టి పరీక్ష. అత్తయ్య వేళ్ళు కీళ్ళజబ్బుతో బిగుసుకుపోయి చెంచా పట్టుకోవడానికే మొరాయిస్తున్నాయి, ఆమె ఇక ఏ కుర్చీలోనూ కూర్చోలేదు. తను కూర్చుంటే ఆమె కూర్చున్నట్టేనని పిడుగు నలభై రోజులుగా ఒకటే సాధన చేసింది.

ఆ సాధనంతా మామూలు శ్రుతిలో చేసింది. గొడవంతా ఇక్కడే ఉంది. స్టీల్ గిటార్‌ని ఒళ్ళో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జార్చి వాయిస్తారు. కడ్డీ తిన్నగా ఉంటుంది కాబట్టి ఖాళీ తీగలు ఏం పలుకుతాయో, కడ్డీ ఎక్కడ పెట్టినా అదే మాటని పైనుంచో కిందనుంచో పలుకుతాయి. మామూలు శ్రుతిలో ఆరు తీగలూ స, గ, ప అనే మూడు స్వరాల్నే పంచుకుంటాయి. క్లబ్ శ్రుతిలో మూడో తీగ ‘ద’ అంటుంది. ఆ ఒక్క తీగా కలిస్తే చాలు, ఆరూ కలిపి మీటగానే డాన్సు హాల్లో దీపాలు వెలిగినట్టుంటుంది. జాజ్ వాయించేవాళ్ళకి అదంటే ప్రాణం. పెద్ద మాస్టారికి అదంటే ఒళ్ళుమంట. జోలపాటలూ ప్రార్థనలూ వాయించే చోట ఆ శ్రుతి వినపడకూడదని ఆయన పట్టుదల. విచిత్రం ఏమిటంటే, అత్తయ్య కూడా ఆ మాటే అంది. “ఎక్కడైనా వాయించుకోవే పిడుగూ, ఆ కేంద్రంలో మాత్రం ఆ శ్రుతి ముట్టకు” అంది. ఎందుకని అడిగితే చెప్పలేదు.

అత్తయ్య గిటార్ పుట్టి బుద్ధెరిగి క్లబ్ శ్రుతిలోనే ఉంది. ఆ ఒక్క ‘ద’ తీగని దింపితే సరిపోదు, మామూలు శ్రుతిలో మిగతా తీగల వరుసే వేరు. దానికి మార్చాలంటే కొన్ని తీగల్ని బాగా పైకి బిగించాలి, పాత తీగలు, పటుక్కున తెగుతాయి. పోనీ అన్నిటినీ కిందికి దింపుదామంటే లావు తీగలు వదులైపోయి చెక్కకి కొట్టుకుని గలగలమంటాయి. కొత్త తీగల కట్ట ఉంది. ఇంట్లో ఉంది, తన పెట్టె అరలో. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు కదా, పిడుగు ఆ రెంటి మధ్యా బల్ల వేసుకుని కూర్చుంది.

తలుపు మీద ఎర్ర దీపం ఆరింది. సంగీత విభాగం అధికారిణి తల బయటికి పెట్టింది. కళ్ళజోడు నెత్తి మీద, పెన్ను చెవి మీద.

“మీ వంతేనమ్మా. రండి.”

నిండా మునిగాక చలేమిటనుకుని పిడుగు లేచింది.

స్టూడియోలో తివాచీ అడుగుల చప్పుడు మింగేసింది. గోడలకి చిల్లులు చిల్లుల చెక్కలు. మధ్యలో ఒక కుర్చీ, టేపు చుట్టిన స్టాండు మీద మైకు. ఎదురుగా అద్దం, అద్దం అవతల పెద్ద మాస్టారు. తెల్లటి జుట్టు, నిటారు వీపు, చేతులు కట్టుకుని కూర్చున్న తీరు చూస్తే ఈయన ఎప్పుడైనా వంగి గిటార్ వాయించారా అనిపిస్తుంది. ఆయన సొంత గిటార్ మాత్రం అద్దం ఇవతలే, స్టూడియో మూలన, ఊదారంగు గుడ్డ కప్పుకుని బల్ల మీద ఉంది.

ఇంకో మూల గంటాయన. ఈయన గురించి చెప్పుకోకపోతే పాపం. చిన్న ఇత్తడి గంట, దానికో బుల్లి సుత్తి. కేంద్రానికి కీర్తి తెచ్చిన పాత రికార్డు ఒకటుంది, వీడ్కోలు పాట. గాత్రం లేదు, స్టీల్ గిటార్ ఒక్కటే. వాయించింది పెద్ద మాస్టారని ఊరందరికీ తెలుసు. ఆ పాట చిట్టచివర గిటార్ మోత ఆరిపోతుండగా అందులోంచి సన్నగా ఒక గంట పలుకుతుంది. ఆ ఒక్క దెబ్బ కోసం, ఆ పాట ఎప్పుడు వాయించినా గంటాయన వచ్చి కూర్చుంటాడు. ముప్ఫై ఒక్కేళ్ళుగా కూర్చుంటున్నాడు. మిగతా సమయంలో కేంద్రానికొచ్చే ఉత్తరాలు చూస్తాడు.

“ఏం కంగారు పడకమ్మా” అన్నాడు గుసగుసగా. “నాకేసి చూస్తూ వాయించు. నేను చివరిదాకా ఏమీ చెయ్యను.”

“మొదటిది పడవపాట” అంది అధికారిణి గొంతు స్పీకర్లోంచి.

పిడుగు వేళ్ళకి తీగలు మీటే పిక్కులు తొడుక్కుంది. కడ్డీ చల్లగా ఉంది. పడవపాట నేరుగా సాగే పాట, దానికి ‘ద’తో పనే లేదు. ‘ద’ మోగితే చాలు, పడవ తిన్నగా క్లబ్బు గుమ్మంలోకి పోతుంది. ఏం చెయ్యాలి? అప్పుడు అత్తయ్య మాట చెవిలో మోగింది. “ఏ తీగ మీటాలో అందరికీ తెలుస్తుందే. ఏ తీగ జోలికి పోకూడదో తెలుసుకున్నదాన్ని చూపించు, దాన్ని వాద్యగత్తె అంటాను.”

కుడిచేతి ఉంగరం వేలు తీసుకెళ్ళి మూడో తీగ మీద ఆనించింది. నోరుమూసుకో అన్నట్టు. మిగిలిన వాటిని మీటింది.

స, గ, ప. కడిగిన పళ్ళెంలా తేటగా వచ్చాయి.

ఇంకోసారి మీటింది. కడ్డీ జార్చింది. తెడ్డు పడ్డట్టు, నీళ్ళు చీలినట్టు, పాట కదిలిపోయింది. క్లబ్బు లేదు, దీపాల్లేవు. నాలుగో చరణానికొచ్చేసరికి పిడుగు మొహం మీద నవ్వు దానంతటదే వచ్చి కూర్చుంది. ఇన్నాళ్ళూ ఈ శ్రుతిని జనం తిట్టింది ఒక్క తీగ గురించా! ఇంట్లో ఒక్కడు గట్టిగా మాట్లాడతాడని ఇంటికే తాళం వేస్తారా ఎవరైనా?

“రెండోది జోలపాట.”

ఈ జోలపాట మీద పిడుగుకి నలభై రోజుల కోపం ఉంది. దిగులుగా సాగే పాట. మామూలు శ్రుతిలో ఆ దిగులు తేవాలంటే కడ్డీని ఏటవాలుగా తిప్పి పట్టాలి. తిప్పినప్పుడల్లా ఆవగింజంత జారేది, జోలపాట కాస్తా పిల్లాణ్ణి లేపేసేది. ఇప్పుడు చూసుకుంటే పై మూడు తీగలు ద, స, గ. ఆ మూడింటిలోనే ఆ దిగులంతా ఉంది! కడ్డీ తిప్పక్కర్లేదు. తిన్నగా పెట్టి, ఇందాక నోరు మూయించిన తీగని వదిలేస్తే చాలు.

వదిలేసింది. పాట ఎంత మెత్తగా వచ్చిందంటే మీటినది తనేనా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఇందాక సంబరంగా పడవ నడిపిన తీగలే, పక్కకి జరిగి చోటిచ్చేసరికి, పిల్లాడి పక్కన కూర్చుని జోకొడుతున్నాయి. ఒకే గిటార్, ఒకే శ్రుతి, ఒకే తిన్నని కడ్డీ! పిడుగుకి లేచి గంతెయ్యాలనిపించింది. కుర్చీ మీద కూర్చునే పాదాలతో తివాచీని రెండు తన్నులు తన్నింది. గంటాయన కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. మధ్యలో ఒక ఆవలింత కూడా వచ్చింది. జోలపాటకి అంతకన్నా మంచి మార్కులెక్కడుంటాయి?

పాట అయిపోయింది. స్పీకర్ గరగరమంది. ఈసారి పెద్ద మాస్టారి గొంతు.

“అమ్మాయ్. జోలపాటలో నీ కడ్డీ ఒక్కసారి కూడా తిరగలేదు.”

పిడుగు ఉలిక్కిపడింది. అద్దం అవతల ఆయన లేచి నిలబడ్డారు. చెవులు సరే, ఆ కళ్ళు ఆమె చేతి మీదే ఉన్నాయన్నమాట ఇంతసేపూ.

“తిరక్కుండా ఆ పాట రాదు. నీది ఏ శ్రుతి?”

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఒళ్ళో అత్తయ్య గిటార్ ఉంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని అబద్ధమాడటానికి పిడుగుకి మనసొప్పలేదు.

“క్లబ్ శ్రుతి మాస్టారూ.”

“లే. బయటికి నడు.”

“ఒక్క నిమిషం మాస్టారూ” అంది అధికారిణి. “నిబంధనల కాగితం నా చేతిలోనే ఉంది. మూడు పాటలు, ఒక వాద్యం అనే ఉంది. శ్రుతి సంగతి ఎక్కడా లేదు.”

“రాయక్కర్లేదు కాబట్టి రాయలేదు. వంటింట్లోకి చెప్పులేసుకు రావద్దని రాసుకుంటామా?”

“ఆ రెండు పాటల్లో మీకు చెప్పుల చప్పుడు వినపడిందా మాస్టారూ?” అంది పిడుగు. అనేశాక గాని అన్నానని తెలియలేదు. “వినపడలేదు కదా. నా కడ్డీ చూశారు కాబట్టి పట్టుకున్నారు. కళ్ళు మూసుకుని ఉంటే మార్కులేసేవారు.”

గంటాయన దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

పెద్ద మాస్టారు మళ్ళీ కూర్చున్నారు. “వాయించనివ్వండి. వీడ్కోలు పాట ఆ శ్రుతికి లొంగదు. తనకే తెలుస్తుంది.”

వీడ్కోలు పాట. పిడుగు పుట్టిన ఏడాది రికార్డు. ఇంట్లో అది మోగితే అత్తయ్య గది తలుపు వేసుకునేది. తనని పంపించేసిన మనిషి పాట కాబట్టి వినలేక అనుకునేది పిడుగు. పిడుగు మాత్రం ఆ పాటని దొంగతనంగా పక్కింట్లో విని విని నేర్చుకుంది.

మొదలుపెట్టింది. మొదటి వరుస స, గ, ప మీద నడుస్తుంది, ఉంగరం వేలు కాపలా. రెండో వరుస దిగులు వైపు తిరుగుతుంది, వేలు పక్కకి. మళ్ళీ వెలుగు, మళ్ళీ నీడ. నలభై రోజులుగా మామూలు శ్రుతిలో ఎక్కడెక్కడైతే కడ్డీ తడబడిందో, ఎక్కడెక్కడైతే “ఇది పెద్ద మాస్టారి చెయ్యి, మనవల్ల కాదు” అని వదిలేసుకుందో, అక్కడల్లా ఇప్పుడు దారి తెరుచుకుంటోంది! వెతుక్కోకుండానే వేళ్ళు వెళుతున్నాయి. ఎవరో ముందే నడిచి బాట వేసిన చోట నడిచినట్టుంది. పిడుగుకి గట్టిగా అరవాలనిపించింది, ఎవరికి అరిచి చెప్పాలో తెలియలేదు.

చివరి వరుస వచ్చింది. రికార్డులో ఇక్కడ కడ్డీ ఎత్తేసి, ఖాళీ తీగల మీద ఒకే ఒక్క లాగు. గంటాయన సర్దుకుని కూర్చుని సుత్తి పైకెత్తాడు. పిడుగు ఆ సంబరంలో కాపలా వేలు సంగతి మర్చిపోయింది. ఆరు తీగలూ కలిపి పైనుంచి కిందికి ఒక్కసారి లాగేసింది.

మోత గదంతా నిండింది. మెల్లగా ఆరుతోంది. ఆరుతూ ఆరుతూ ఉంటే, అందులోంచి సన్నగా, స్పష్టంగా, గంట పలికింది.

అధికారిణి అద్దం అవతలే తల ఊపింది. “బాగుంది. గంట కూడా సరిగ్గా సమయానికి పడింది.”

“అమ్మగారూ” అన్నాడు గంటాయన.

అందరూ అటు చూశారు. సుత్తి గాల్లోనే ఉంది. గంటకీ దానికీ మధ్య జానెడు దూరం.

“నేనింకా కొట్టలేదండీ.”

అధికారిణి అద్దానికి మొహం ఆనించి చూసింది.

“ఒట్టండీ, కొట్టలేదు. చెయ్యి చూడండి, పైనే ఉంది. గంట మోగింది, నేను మాత్రం కొట్టలేదు!” గంటాయన ఒకసారి తన సుత్తిని, ఒకసారి పిడుగు గిటార్‌ని చూశాడు. “అయితే నేను ఇన్నేళ్ళుగా కొడుతున్నది ఏమిటండీ మరి?”

పిడుగు కిందికి చూసింది. మూడో తీగ ఇంకా సన్నగా వణుకుతోంది. ‘ద’ తీగ. దాని మీద వేలు పెట్టింది. గంట ఆగిపోయింది. వేలు తీసి మీటింది. గంట మోగింది.

ఆమెకి నెత్తి మీద పిడుగు పడ్డట్టయింది. పిడుగు మీదే పిడుగు పడితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది ఆమెకి.

మామూలు శ్రుతిలో ‘ద’ తీగే లేదు. ఖాళీ తీగల మీద లాగితే, ఎంత గొప్పవాడు లాగినా, లేని తీగ మోగదు. రికార్డులో మోగింది. కాబట్టి ఆ రికార్డు వాయించిన గిటార్...

అద్దం పక్క తలుపు తెరుచుకుంది. పెద్ద మాస్టారు స్టూడియోలోకి వచ్చారు. ఇందాకటి నిటారు వీపు లేదు.

“మాస్టారూ” అంది పిడుగు. లేచి నిలబడింది, గిటార్‌ని చంటిపిల్లలా రెండు చేతులా పట్టుకుని. కోపంగా అందామనుకుంది, కోపం రాలేదు, ఊపిరి అందనంత ఆత్రం వచ్చింది. “మీ గిటార్లో ‘ద’ ఎక్కడుంది మాస్టారూ?”

ఆయన మూలకి వెళ్ళి ఊదారంగు గుడ్డ తీశారు. కూర్చున్నారు. కడ్డీ ముట్టకుండా, ఖాళీ తీగల మీద ఒక్కసారి లాగారు. అందమైన మోత. మచ్చ లేని మోత. అది మెల్లగా ఆరిపోయింది, అందులోంచి ఏ గంటా పలకలేదు.

టింగ్!

పాపం, గంటాయనే. చెయ్యి ఆగలేదు. ముప్ఫై ఒక్కేళ్ళ అలవాటు.

“క్షమించండి మాస్టారూ” అన్నాడు, ఏడుపు గొంతుతో.

“నువ్వెందుకయ్యా క్షమించమనడం” అన్నారు పెద్ద మాస్టారు. “అది గంట అని చెప్పింది నేను. రికార్డు బయటికొచ్చాక పాట మళ్ళీ మళ్ళీ వాయించమన్నారు. ఎంత ప్రయత్నించినా ఆ చివరి మోత నాకు రాలేదు. రాదని నాకు తెలుసు. అందుకని అది గిటార్ కాదు, గంట అన్నాను. నిన్ను తెచ్చి కూర్చోబెట్టాను. ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట. నేను అంతకంటే తెలివైనవాణ్ణి, ఇంకో మద్దెల తెప్పించుకున్నాను.”

“వాయించింది అత్తయ్య” అంది పిడుగు. అడగటం కాదది.

“మీ అత్తే. నీ చేతిలో ఉన్న ఈ గిటారే, దగ్గరికొచ్చాక పోల్చుకున్నాను. ఆ కుర్చీలోనే.” ఆయన తల ఎత్తారు. “ఒకే ఒక్కసారి వాయించింది. ఆ రోజు అద్దం వెనక నిలబడి విన్నాను. ప్రార్థనలకి పనికిరాదని నేను తరిమేసిన శ్రుతిలోంచి అంత మంచి పాట రావడం చూసి నాకు భయమేసిందమ్మా. కొన్నాళ్ళకి ఆమె వాద్యం నిండా క్లబ్ వాసన అన్నాను. ఆ వాసనతోనే నేను ముప్ఫై ఒక్కేళ్ళు గొప్పవాణ్ణయి బతికాను.”

పిడుగుకి కళ్ళమ్మట నీళ్ళు వచ్చేశాయి, నవ్వూ వచ్చేసింది. రెండూ ఒకేసారి వస్తే ఏది తుడుచుకోవాలో తెలియక పైటకొంగుతో మొహమంతా తుడిచేసుకుంది. ఇంట్లో ఆ పాట మోగితే తలుపు వేసుకునే అత్తయ్య గుర్తొచ్చింది. పగవాడి పాట వినలేక కాదు, తన పాట పక్కవాడి పేరుతో వినలేక.

అధికారిణి ఒక ఫైలు పట్టుకుని వచ్చింది. కళ్ళజోడు ఇప్పుడు కళ్ళ మీదే ఉంది. “నేను నా మార్కులు వేసేశాను మాస్టారూ. మీవి వెయ్యాలి.”

ఆయన కాగితం తీసుకున్నారు. రాసి ఇచ్చారు. దాన్ని చూసి అధికారిణి పిడుగు వైపు తిరిగింది. “మూడు పాటలకీ పూర్తి మార్కులు. కుర్చీ మీదేనమ్మా.”

గంటాయన సుత్తితో గంట మీద టకటకా నాలుగు దెబ్బలు వేశాడు. ముప్ఫై ఒక్కేళ్ళలో ఒకటి కన్నా ఎక్కువ దెబ్బలు వెయ్యడం అదే మొదలు.

“ఒక షరతుంది” అంది పిడుగు.

“కుర్చీ ఇస్తుంటే షరతులు కూడానా?” అంది అధికారిణి.

“శుక్రవారం మాస్టారి వీడ్కోలు కార్యక్రమంలో ఆ రికార్డు వేస్తారు కదా. వేసేముందు మా అత్తయ్య పేరు చదవాలి. ఆవిడ బతికుంది, మేడ మీద కూర్చుని వింటుంది. పేరు చదవకపోతే నాకీ కుర్చీ వద్దు. నేను మా నాన్న దుకాణంలో తీగలు చుట్టుకుంటాను.”

“నేనే చదువుతాను” అన్నారు పెద్ద మాస్టారు వెంటనే. “నా నోటితోనే చదువుతాను. కానీ...” ఆయన అధికారిణి చేతిలోని ఫైలు వైపు చూశారు. వీడ్కోలు పాట పరీక్షలో ఉంది కాబట్టి పొద్దున్నే తెప్పించిన పాత ఫైలు అది. “అందులో చిట్టచివరి కాగితం తియ్యండి. నేను మళ్ళీ ఎప్పుడూ చూడకూడదనుకున్న కాగితం.”

అధికారిణి తీసింది. చదువుతుంటే ఆమె కనుబొమలు దగ్గరికొచ్చాయి.

“ఈ రికార్డులో స్టీల్ గిటార్ వాయించినవారి పేరు ఎన్నడూ ప్రకటించరాదు. వాయించినవారి కుటుంబం కోరికపై ఈ ఏర్పాటు జరిగింది. సంతకం చేసినవారే స్వయంగా వచ్చి రద్దు చేస్తే తప్ప...” ఆమె ఆగింది. “కుటుంబం కోరికా?”

“పేరు దొంగిలించినవాణ్ణి నేనే, కాదనను” అన్నారు పెద్ద మాస్టారు. “కానీ నేను తలుపు పగలగొట్టలేదమ్మా. తలుపు తీసి పెట్టి ఉంది.”

గంటాయన నిట్టూర్చాడు. “ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు.”

పిడుగు కాగితం అందుకుంది. అడుగున నీలం సిరా. సంతకంలో చివరి అక్షరం కింద నుంచి ఒక గీత వెనక్కి తిరిగి మొదటి అక్షరాన్ని చుట్టుకుంది. దుకాణంలో ప్రతి రసీదు మీదా పన్నెండేళ్ళుగా చూస్తున్న గీత. పక్కనే చిన్న అక్షరాలతో ‘అన్నయ్య’ అని రాసి ఉంది.

నాన్న.

ఇంటికెళ్ళాలి, ఇప్పుడే వెళ్ళాలి. గిటార్‌ని పెట్టెలో పెట్టి మూత వేసింది. పొద్దున నాన్న ఏం చేశాడో ఇప్పుడొక్కొక్కటే గుర్తొస్తోంది. తను లేచేసరికే దుకాణంలో దీపం వెలిగించుకుని కూర్చున్నాడు. పెట్టె తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది ఆయనే. “వెళ్ళిరా తల్లీ” అన్నాడు గాని తలెత్తి చూడలేదు.

పెట్టె ఎత్తడానికి పిడి పట్టుకుంది. వేళ్ళకి ఎర్ర దారం తగిలింది. పిడుగు ఎప్పుడూ వేసేది మామూలు ముడి, లాగితే ఊడేది. ఇది అది కాదు. మూడు చుట్లు చుట్టి, కొస వెనక్కి మడిచి, చుట్ల కిందనుంచి దూర్చి బిగించిన ముడి. కత్తెర లేకుండా విప్పలేని ముడి. ఆ వీధిలో అది వెయ్యగలిగిన చెయ్యి ఒక్కటే ఉంది.

నిన్న సాయంత్రం పొరపాటున దారం కట్టింది తను కాదు. ఎవరూ పొరపాటు పడలేదు. ముప్ఫై ఒక్కేళ్ళ కిందట అత్తయ్య పేరు దాచమని సంతకం పెట్టిన చెయ్యే, ఈ తెల్లవారుజామున అత్తయ్య గిటార్‌ని తన చేతికిచ్చి ఇక్కడికి పంపించింది.